ఓటీపీ సరిగ్గానే పడింది కాబట్టి బాధ్యత మీదేనని బ్యాంకు తిరగ్గొడితే, తర్వాత ఎటు వెళ్లాలి?

తీగమల్లె | 27 జులై 2025, ఉదయం 9:20

నమస్తే అండి. ఒక పొదుపు ఖాతా మోసం ఫిర్యాదును బ్యాంకు తిరస్కరించింది. విషయం తెలిసినవాళ్లు వరస చెప్పండి.

13 జూన్, శుక్రవారం రాత్రి 11:40 నుంచి 11:52 లోపు మూడు డెబిట్లు: 49,999, 49,999, 23,500. అన్నీ నెట్ బ్యాంకింగ్‌లో అప్పుడే కొత్తగా చేర్చిన ఖాతాలకు ఐఎంపీఎస్ ద్వారా వెళ్లాయి. ఆ సాయంత్రం ఆరింటి నుంచే ఫోనులో సిగ్నల్ లేదు, ఓటీపీ మెసేజీ ఒక్కటీ రాలేదు. డెబిట్ సమాచారం ఈమెయిల్‌కి మాత్రం వచ్చింది. 14 ఉదయం 7:10కి వేరే ఫోను నుంచి బ్యాంకు కాల్ సెంటర్‌కి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోవడం, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పడం జరిగాయి. అదే రోజు 7:52కి ఇంకో 24,500 వెళ్లింది. మొత్తం 1,47,998. సోమవారం 16న బ్రాంచిలో రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకున్న నకలు ఉంది.

24 జులైన వచ్చిన జవాబు మొత్తం ఇదే: "సదరు లావాదేవీలు సరైన యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఓటీపీలతో విజయవంతంగా పూర్తయినవి. కావున బ్యాంకు బాధ్యత లేదు. సైబర్ క్రైమ్ పోలీసులను సంప్రదించగలరు."

---

పాసుబుక్కు | 27 జులై 2025, ఉదయం 10:45

తీగమల్లె గారూ, ఆ మూడు వాక్యాల్లో ఓటీపీ వాడారని ఉంది. ఎవరు వాడారు, ఏ నంబరుకు వెళ్లింది, ఏ పరికరం నుంచి లాగిన్ అయ్యారు అన్న ముక్క ఒక్కటీ లేదు. మీ కేసంతా ఆ ఖాళీలోనే ఉంది.

ఆధారం 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్. అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతకు హద్దులు పెట్టింది అదే. సహకార బ్యాంకులకు అదే ఏడాది డిసెంబరు 14న విడిగా ఇచ్చారు, వాలెట్లకు 2019 జనవరిలో. అందులో ఒక పేరా కాగితం మీద రాసి పెట్టుకోవాల్సింది: తప్పు ఖాతాదారుదని రుజువు చేసే భారం బ్యాంకుదే. మీరు నిర్దోషి అని మీరు రుజువు చేసుకోనక్కర్లేదు. "ఓటీపీ పడింది" అన్నది లావాదేవీ జరిగిందనడానికి రుజువు. మీరు ఓటీపీ చెప్పారనడానికి రుజువు కాదు. బ్యాంకు జవాబులు నూటికి తొంభై ఈ రెంటినీ కలిపేసి రాస్తాయి.

బాధ్యత ఎలా పంచారో చూడండి:

– తప్పు బ్యాంకుదైతే మీ బాధ్యత సున్నా. మీరు ఎప్పుడు చెప్పారన్నదానితో కూడా పని లేదు.
– తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో ఉంటే, మూడు పనిదినాల్లోపు చెబితే సున్నా.
– అదే నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే ఒక్కో లావాదేవీకి పరిమితి: బేసిక్ పొదుపు ఖాతాకు 5,000. మామూలు పొదుపు ఖాతాకు, వాలెట్‌కు, 5 లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు 10,000. అంతకు పైన లిమిట్ ఉన్న కార్డులకు, పెద్ద కరెంటు ఖాతాలకు 25,000. లావాదేవీ మొత్తం అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే లెక్క.
– ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు ఆమోదించిన పాలసీ ఏం చెబితే అది.
– పిన్నూ ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టమంతా మీది. చెప్పిన తర్వాత జరిగింది బ్యాంకుది.

ఆ చివరి వాక్యం వల్ల మీ నాలుగో డెబిట్ వేరే కథ. 7:10కి ఫిర్యాదు నంబరు ఇచ్చారు, 7:52కి 24,500 పోయింది. మిగతా మూడింటి గురించి బ్యాంకు ఎంత వాదించినా, ఈ 24,500 మీద వాదనకే చోటు లేదు. దాన్ని మిగతావాటితో కలిపి రాయకండి. విడిగా, సమయాలతో సహా రాయండి.

---

లెడ్జర్_పేజీ | 27 జులై 2025, ఉదయం 11:30

పాసుబుక్కు గారు చెప్పినదానికి పనిదినాల లెక్క కలుపుతున్నాను. బ్రాంచిలో చాలామందికే ఇది తప్పుతుంది.

సమాచారం అందిన రోజును లెక్కలోంచి తీసేయాలి. మీ హోం బ్రాంచి పనిచేసే రోజులే లెక్క. 13 శుక్రవారం తీసేశాం. 14 రెండో శనివారం, 15 ఆదివారం. కాబట్టి మొదటి పనిదినం 16 సోమవారం, మూడోది 18 బుధవారం. మూడో శనివారం బ్యాంకు ఉంటుంది కనుక 21 కూడా లెక్కలోకి వచ్చి, ఏడోది 23 సోమవారం అవుతుంది. మీరు మొదటి పనిదినం రాకముందే చెప్పారు.

బ్యాంకు పాటించాల్సిన గడువులు ఇంకో రెండున్నాయి. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ సొమ్మును తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి. బ్యాంకుల్లో దీన్ని షాడో రివర్సల్ అంటారు. లావాదేవీ జరిగిన తేదీ విలువతో వేయాలి కాబట్టి వడ్డీ కూడా పోకూడదు. బీమా క్లెయిము తేలాలి, పోలీసులు తేల్చాలి అని ఆపడానికి లేదు. రెండోది, 90 రోజుల్లో ఎవరి బాధ్యతో తేల్చాలి. తేల్చకపోతే పై పట్టిక ప్రకారం చెల్లించాలి.

స్టేట్‌మెంటులో షాడో జమ పడిందా లేదా చూసి, పడకపోతే ఆ మాట ఫిర్యాదులో మొదటి పేజీలోనే ఉండాలి. ఒక్కోసారి వేస్తారు గాని దాని మీద లీన్ పెట్టి వాడుకోనివ్వరు, తర్వాత తిరస్కరణతో పాటు వెనక్కి తీసేస్తారు. ఆ ఎంట్రీలు కూడా గుర్తు పెట్టి జత చేయండి.

---

కొండవాగు | 27 జులై 2025, మధ్యాహ్నం 12:15

సాయంత్రం ఆరింటికి సిగ్నల్ పోయి రాత్రికి డబ్బు పోయిందంటే ముందు అనుమానించాల్సింది డూప్లికేట్ సిమ్. ఆపరేటర్ సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడగండి: ఈ నంబరుకు 13 జూన్‌న సిమ్ మార్పిడి జరిగిందా, ఎన్నింటికి, ఏ కేంద్రంలో, ఏ గుర్తింపు పత్రం మీద. కౌంటరులో నోటిమాటగా "అవునండీ మారింది" అంటే చాలదు, ఈమెయిల్ జవాబైనా ఉండాలి.

సిమ్ మార్చాక 24 గంటలపాటు మెసేజీలు ఆపాలని టెలికాం శాఖ ఆదేశం ఉంది. ఆరింటికి మారిన సిమ్‌కి 11:40కి ఓటీపీ చేరిందంటే ఆ కట్టడి ఎక్కడో తప్పింది. తప్పు మీది కాదు, బయటి వ్యవస్థది అని చూపించడానికి ఇంతకన్నా మంచి కాగితం దొరకదు.

ఒకవేళ సిమ్ మారలేదని తేలితే ఫోనులో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్ బయట నుంచి వేసే యాప్) ఏదైనా ఇన్‌స్టాల్ అయిందేమో నిజాయితీగా చూసుకోండి. చలానా అనీ పథకం డబ్బులనీ వాట్సాప్‌లో వచ్చే ఆ ఫైళ్లు మెసేజీలను మోసగాడికి చేరవేస్తాయి. ఉంటే దాచకండి. బ్యాంకు దాన్ని నిర్లక్ష్యం అంటుంది, కానీ ఓటీపీ చెప్పడమూ ఫోనులోంచి దొంగిలించబడటమూ ఒకటి కాదని వాదించవచ్చు. దాచి, తర్వాత బయటపడితే మిగతా మాటలకూ విలువ పోతుంది. ఫోను ఫార్మాట్ చేసే ముందు ఆ యాప్ పేరు, దాని అనుమతులు, ఇన్‌స్టాల్ అయిన తేదీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

---

చెక్కు_మడత | 27 జులై 2025, మధ్యాహ్నం 1:05

ఇన్ని ఉత్తరాలెందుకండి? నేరుగా వినియోగదారుల కమిషన్‌లో వేసేస్తే సరిపోదా? బ్యాంకు దిగొస్తుంది.

---

పాసుబుక్కు | 27 జులై 2025, మధ్యాహ్నం 1:40

చెక్కు_మడత గారూ, వరస తప్పితే ఒక తలుపు మూసుకుపోతుంది. అదే విషయం మీద కమిషన్‌లోనో కోర్టులోనో కేసు ఉంటే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే అధికారి) ఫిర్యాదు తీసుకోరు. అంబుడ్స్‌మన్ దగ్గర తేలాక కమిషన్‌కు వెళ్లడానికి మాత్రం దారి ఉంటుంది. అంబుడ్స్‌మన్ దగ్గర ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. పైగా వకీలు ద్వారా వేస్తే చెల్లదు కూడా. కాబట్టి ముందు అదే.

పోలీసు ఫిర్యాదు ఉండటం మాత్రం అడ్డు కాదు. 2021 నవంబరు 12న వచ్చిన సమీకృత అంబుడ్స్‌మన్ పథకంలోనే పోలీసు దర్యాప్తునూ క్రిమినల్ కేసునూ ఈ నిషేధంలోంచి తీసేశారు. "పోలీసు కేసు నడుస్తోంది, అది తేలాక రండి" అని బ్యాంకు అంటే ఆ మాట తప్పు. ఎఫ్ఐఆర్ నకలు తెస్తేనే ఫిర్యాదు తీసుకుంటాం అన్నదీ అంతే. 2017 సర్క్యులర్లో అలాంటి షరతు లేదు.

---

రసీదు_దాచు | 27 జులై 2025, మధ్యాహ్నం 3:10

అంబుడ్స్‌మన్ దగ్గర ఫిర్యాదులు ఎక్కువగా పడిపోయేది గుమ్మం దగ్గరే, అసలు విషయంలోకి వెళ్లకుండానే. కారణాలు ఇవి.

బ్యాంకుకు ముందు రాతపూర్వకంగా ఇవ్వలేదు. కాల్ సెంటర్‌కి చెప్పాం, ట్విట్టర్‌లో పెట్టాం అంటే నిలవదు. ముద్ర వేసిన నకలు, లేదా బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి పంపిన ఈమెయిల్ ఉండాలి.

30 రోజులు ఆగలేదు. బ్యాంకు జవాబు రాకపోతే 30 రోజులు ఆగాలి. జవాబొచ్చి అది తృప్తిగా లేకపోతే ఆగక్కర్లేదు. తీగమల్లె గారికి జవాబొచ్చేసింది కనుక ఈ రోజే వేయొచ్చు.

ఏడాది దాటింది. 2021 పథకం ప్రకారం బ్యాంకు జవాబిచ్చిన తేదీ నుంచి ఏడాది. జవాబే లేకపోతే ఫిర్యాదు ఇచ్చిన తేదీ నుంచి ఏడాదీ 30 రోజులు. మీకు 2026 జులై వరకు ఉంది, కానీ అంతదాకా ఆగితే బ్యాంకు లాగ్‌లు, కెమెరా దృశ్యాలు మిగలవు.

ఫారంలో "ఇదే విషయం వేరే చోట పెండింగులో ఉందా" అనే ప్రశ్నకు పోలీసు ఫిర్యాదును దృష్టిలో పెట్టుకుని "ఉంది" అని టిక్ పెట్టేస్తారు. అంతే, అక్కడే ఆగిపోతుంది. మీకు సమాధానం "లేదు".

వేయడానికి మూడు దారులున్నాయి. రిజర్వ్ బ్యాంకు ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్, ఈమెయిల్, చండీగఢ్‌లోని కేంద్రానికి పోస్టు. పోస్టులో, ఈమెయిల్‌లో ఏ భాషలోనైనా రాయొచ్చు, తెలుగులో రాసినా తీసుకుంటారు. అనుమానాలుంటే 14448కి చేయండి. పోర్టల్ దారే మేలు, ఎందుకంటే ఫిర్యాదు ఏ దశలో ఉందో కనబడుతుంది.

---

లెడ్జర్_పేజీ | 27 జులై 2025, సాయంత్రం 4:25

వేసే ముందు బ్యాంకుకు ఒక్క ఉత్తరం రాయడం మంచిది, ప్రిన్సిపల్ నోడల్ అధికారి పేరున, ఈమెయిల్‌లో. పేరు, చిరునామా ప్రతి బ్యాంకు వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల పేజీలో ఉంటాయి. ఇది గడువు పెంచుకోవడానికి కాదు, అంబుడ్స్‌మన్ ముందు చూపించడానికి. ఇలా రాయండి:

"విషయం: 13.06.2025, 14.06.2025 తేదీల్లో నా ప్రమేయం లేకుండా జరిగిన నాలుగు డెబిట్లు. 24.07.2025 నాటి మీ తిరస్కరణపై పునఃపరిశీలన.

ఈ లావాదేవీలకు నేను అనుమతి ఇవ్వలేదు. పిన్, పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. 06.07.2017 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ప్రకారం నా నిర్లక్ష్యాన్ని రుజువు చేసే బాధ్యత బ్యాంకుది. మీరు ఏ ఆధారంతో ఆ నిర్ణయానికి వచ్చారో కింది రికార్డులతో సహా 7 రోజుల్లో తెలపగలరు:

1. ప్రతి ఓటీపీ ఏ నంబరుకు, ఏ సమయానికి పంపారు, అది చేరినట్టు ఆపరేటర్ నుంచి వచ్చిన డెలివరీ రికార్డు.
2. లాగిన్ ఐపీ చిరునామాలు, పరికరం గుర్తింపు. అదే పరికరం నుంచి నేను అంతకు ముందు ఎప్పుడైనా లాగిన్ అయ్యానా.
3. కొత్త లబ్ధిదారుల్ని చేర్చిన సమయం, మొదటి బదిలీకి ముందు మీ నిబంధన ప్రకారం ఉండాల్సిన విరామం, పరిమితి.
4. పాస్‌వర్డ్ మార్పు జరిగితే ఎప్పుడు, ఏ పద్ధతిలో.
5. 14.06.2025 ఉదయం 7:10 నాటి నా కాల్ రికార్డింగు, ఖాతా నిలిపివేసిన కచ్చితమైన సమయం.
6. లబ్ధిదారు బ్యాంకులకు మీరు సమాచారం పంపిన సమయం, వారి జవాబు.
7. పది పనిదినాల్లో తాత్కాలిక జమ ఎందుకు చేయలేదు."

బ్యాంకు ఇవన్నీ ఇస్తుందనుకోకండి. ఇవ్వకపోవడమే మీకు ఉపయోగం. అంబుడ్స్‌మన్ అడిగాక బ్యాంకు 15 రోజుల్లో తన వాదన, పత్రాలు పెట్టాలి. సమయానికి సరైన పత్రాలు పెట్టనందుకు అవార్డు (అంబుడ్స్‌మన్ తీర్పు) వస్తే దాని మీద బ్యాంకుకు అప్పీలు హక్కు కూడా లేదు. అందుకే ఏ పత్రాలు కావాలో మీ ఫిర్యాదులోనే పేరు పెట్టి అడిగి ఉంచాలి.

ప్రభుత్వ రంగ బ్యాంకైతే సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయొచ్చు, 10 రూపాయల రుసుము, 30 రోజుల్లో జవాబు. మీ ఫిర్యాదు ఫైలు మీద రాసిన నోట్లు, బోర్డు పాలసీ అడగండి. ప్రైవేటు బ్యాంకులకు ఇది వర్తించదు.

---

ముగ్గుపిండి | 27 జులై 2025, సాయంత్రం 5:50

ఒక సందేహం. బ్యాంకులో ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ అని ఒకరుంటారట, ముందు ఆయనకు పెట్టాలా?

---

రసీదు_దాచు | 27 జులై 2025, సాయంత్రం 6:15

ఆయనకు మనం నేరుగా పెట్టలేం, ముగ్గుపిండి గారూ. సేవా లోపం ఫిర్యాదును పూర్తిగానో కొంతో తిరస్కరించాలనుకుంటే బ్యాంకే దాన్ని 20 రోజుల్లో ఆయన ముందు పెట్టాలి. ఆయన చూశారన్న మాట తుది జవాబులో ఉండాలి. తీగమల్లె గారి జవాబులో ఆ ఊసే లేదు. "నా ఫిర్యాదు ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ పరిశీలనకు వెళ్లిందా, ఏ తేదీన" అని పై ఉత్తరంలో ఎనిమిదో ప్రశ్నగా వేయండి.

---

వేపచెట్టు | 27 జులై 2025, రాత్రి 8:00

ఓటీపీ లేని కేసు కూడా చెప్పండి. వేలిముద్రతో పెద్దవాళ్ల ఖాతాల్లోంచి 10,000, 10,000 చొప్పున తీసేస్తున్నారు. వాళ్లకు ఫోను బ్యాంకింగ్ అంటేనే తెలియదు. బ్రాంచిలో మాత్రం "మీ వేలిముద్రే పడింది" అంటారు.

---

కొండవాగు | 27 జులై 2025, రాత్రి 8:50

ఇది ఆధార్ ఆధారిత చెల్లింపు, ఏఈపీఎస్. ఒక్కో దఫాకు పరిమితి 10,000 కాబట్టే ఆ అంకె పదేపదే కనిపిస్తుంది. ఖాతాదారు చెప్పడానికి ఇక్కడ పిన్నూ లేదు ఓటీపీ లేదు, కనుక "మీరే చెప్పేశారు" అన్న వాదనకు తావే లేదు. ఆస్తి రిజిస్ట్రేషన్ పత్రాల మీది ముద్రల నుంచి నకలు వేళ్లు తయారు చేసిన కేసులు పోలీసులు పట్టుకున్నవే.

బ్యాంకుకు తెలియని ఆధారం ఒకటి మీ చేతిలోనే ఉంది. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో ఆధార్ ధ్రువీకరణ చరిత్ర దిగుమతి చేసుకోవచ్చు. గత ఆరు నెలల్లోవి, 50 ఎంట్రీల వరకు వస్తాయి. ప్రతిదానికీ తేదీ, సమయం, పద్ధతి, అడిగిన సంస్థ పేరు ఉంటాయి. ఆ సమయానికి మనిషి వేరే చోట ఉన్నట్టు కాగితం పట్టుకోండి: ఆసుపత్రి ఓపీ చీటీ, ఉపాధి హామీ హాజరు, ఆఫీసు బయోమెట్రిక్. బ్యాంకును అడగాల్సింది టెర్మినల్ నంబరు, ఏ బ్యాంకు ప్రతినిధి దగ్గర జరిగింది, ఏ ఊళ్లో. నిజామాబాద్‌లో ఉన్న మనిషి వేలు అదే గంటలో బిహార్‌లో పడిందని తేలితే ఇంక వేరే వాదన అక్కర్లేదు.

బయోమెట్రిక్ లాక్ అదే రోజు చేయండి, ఎంఆధార్ యాప్‌లోగాని ఉడాయ్ సైట్‌లోగాని. 1947కి చేసినా దారి చెబుతారు. ఆధార్‌కి మొబైల్ నంబరు కలిపి లేకపోతే ముందు ఆధార్ కేంద్రంలో అది చేయించాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు, ఆగకండి. లాక్ చేయకపోతే మర్నాడు మళ్లీ 10,000 పోతుంది.

---

చెక్కు_మడత | 27 జులై 2025, రాత్రి 9:30

క్రెడిట్ కార్డు మీద విదేశీ సైట్‌లో వాడినవి?

---

లెడ్జర్_పేజీ | 27 జులై 2025, రాత్రి 10:05

అక్కడ ఓటీపీ అడగకుండానే నడిచిపోతుంది, అందుకే దొంగలు అవే సైట్లు ఎంచుకుంటారు. మీకు రెండు ఆయుధాలున్నాయి.

ఒకటి, 2020 అక్టోబరు 1 నుంచి కొత్త కార్డు దేశంలోని ఏటీఎం, స్వైప్ మెషీన్లకే తెరిచి ఉండాలి. ఆన్‌లైన్, అంతర్జాతీయ వాడకం కార్డుదారు స్వయంగా ఆన్ చేస్తేనే. "నా కార్డుకి అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం ఎవరు, ఎప్పుడు, ఏ మాధ్యమంలో ఆన్ చేశారు" అని అడగండి. మీరు ఆన్ చేయకుండా తెరిచి ఉందంటే అది బ్యాంకు లోపం, మూడు రోజుల గొడవే లేదు.

రెండు, చార్జ్‌బ్యాక్, అంటే కార్డు నెట్‌వర్క్ ద్వారా దుకాణదారు నుంచి సొమ్ము వెనక్కి రప్పించడం. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో దీనికి మామూలుగా 120 రోజుల గడువు. బ్యాంకు డిస్ప్యూట్ ఫారం తీసుకుని మూలన పడేస్తే ఆ గడువు దాటిపోతుంది. ఏ తేదీన చార్జ్‌బ్యాక్ వేశారో రాతపూర్వకంగా అడగండి.

వివాదం తేలేదాకా ఆ మొత్తం మీద చార్జీలు వేయకూడదు. మిగతా బిల్లు మాత్రం గడువులోపు కట్టేయండి. మొత్తం బిల్లు ఆపేస్తే వివాదం లేని భాగం మీద వడ్డీ, సిబిల్ మచ్చ రెండూ మీవే అవుతాయి.

---

తీగమల్లె | 28 జులై 2025, ఉదయం 8:10

అందరికీ ధన్యవాదాలు. పోలీసుల వైపు సంగతి కూడా చెప్పండి. 1930కి చెప్పినప్పుడు కొంత మొత్తం ఆగిందని మెసేజీ వచ్చింది. అది ఎలా తిరిగొస్తుంది?

---

కొండవాగు | 28 జులై 2025, ఉదయం 9:25

ఆగిన సొమ్ము అవతలి ఖాతాలో లీన్ కింద ఉంటుంది, తనంతట తాను నడిచి రాదు. మామూలుగా కోర్టు ఉత్తర్వు కావాలి. సైబర్ పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, మీ రసీదు నంబరు మీద ఏ ఖాతాలో ఎంత ఆగిందో జాబితా తీసుకోండి. దాని మీద మేజిస్ట్రేట్ కోర్టులో సొమ్ము అప్పగించమని అర్జీ వేయాలి, కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం బీఎన్ఎస్ఎస్ 503 సెక్షన్ కింద. పాత సీఆర్‌పీసీలో ఇది 457. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవల సంస్థ కలిసి 2024 నుంచి లోక్ అదాలత్‌లలో ఇలాంటి ఉత్తర్వులు ఇప్పిస్తున్నాయి. తర్వాతి లోక్ అదాలత్ ఎప్పుడో స్టేషన్‌లోనే అడిగి జాబితాలో పేరు పెట్టించండి. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు. వకీలు కావాలనుకుంటే జిల్లా న్యాయ సేవల సంస్థ ఉచితంగా ఇస్తుంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేదు. నంబరు 15100.

పోలీసుల ద్వారా కొంత వస్తే అది అంబుడ్స్‌మన్‌కి చెప్పాలి. క్లెయిము అంత తగ్గుతుంది, ఆగిపోదు.

---

ముగ్గుపిండి | 28 జులై 2025, ఉదయం 10:40

పోలీసులమని వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్టు అని బెదిరిస్తే భయపడి తామే ఆర్‌టీజీఎస్ చేసినవాళ్ల సంగతేంటి?

---

పాసుబుక్కు | 28 జులై 2025, ఉదయం 11:30

ఉన్నదున్నట్టు చెప్పాలి. 2017 సర్క్యులర్ అనధికార లావాదేవీలకు. మోసపోయి అయినా ఖాతాదారే స్వయంగా పంపితే బ్యాంకు దాన్ని అధికారికమే అంటుంది, అక్కడ పూర్తి సొమ్ము వస్తుందన్న ఆశ పెట్టడం భావ్యం కాదు. అయినా చూడాల్సినవి ఉన్నాయి. ఎన్నింటికి బ్యాంకుకు చెప్పారు, అప్పటికి అవతలి ఖాతాలో డబ్బు ఉందా, మీ బ్యాంకు సమాచారం పంపడానికి ఎంతసేపు తీసుకుంది. చెప్పాక జరిగిన ఆలస్యం సేవా లోపం కిందకి వస్తుంది. ఆ సమయాల మీదే ఫిర్యాదు కట్టండి. లీన్ పడిన సొమ్ముకు కొండవాగు గారు చెప్పిన దారే ముఖ్యం.

మోసపోయిన కస్టమర్ ఏదైనా ఇన్‌స్టాల్ చేసుకున్నంత మాత్రాన బ్యాంకు చేతులు కడుక్కోలేదన్నదానికి ఒక గట్టి తీర్పు ఉంది. నకిలీ కస్టమర్ కేర్ మాట నమ్మి యాప్ వేసుకున్న ఖాతాదారుకు సుమారు 94 వేలు తిరిగి ఇవ్వాలన్న గువాహటి హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోవడానికి 2025 జనవరి 3న సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆయన వెంటనే బ్యాంకుకు తెలియజేయడం అక్కడ బలంగా పనిచేసింది. అలర్ట్ మెసేజీలకు స్పందించలేదన్న ఒక్క కారణంతో బ్యాంకు తప్పించుకోలేదని కేరళ హైకోర్టు 2019లోనే చెప్పింది. ఈ రెండూ ఫిర్యాదులో ఒక్కో వాక్యంలో రాస్తే చాలు, పేజీలు నింపకండి.

---

రసీదు_దాచు | 28 జులై 2025, మధ్యాహ్నం 12:20

అంబుడ్స్‌మన్ తర్వాతి మెట్లు కూడా ఇక్కడే ఉండనివ్వండి.

2021 పథకంలో వివాదంలో ఉన్న సొమ్ముకు పరిమితి లేదు. దాని వల్ల కలిగిన నష్టానికి 20 లక్షల వరకు, మానసిక వేదనకు, తిరిగిన తిప్పలకు విడిగా లక్ష వరకు ఇప్పించవచ్చు. అడగకపోతే రాదు కనుక ఫారంలో రెండూ వేర్వేరుగా రాయండి. అవార్డు వస్తే 30 రోజుల్లో అంగీకార పత్రం బ్యాంకుకు పంపాలి. పంపకపోతే అవార్డు వీగిపోతుంది. చేతికొచ్చింది ఇలా పోవడం చాలా బాధాకరం, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి.

తిరస్కరిస్తే ఏ క్లాజు కింద మూశారో చూడండి. ఆ పథకంలోని 16(1) కింద, అంటే ఫిర్యాదు నిబంధనల్లోకే రాదని మూస్తే అప్పీలు లేదు. "లోతైన సాక్ష్యం విచారించాలి, ఇక్కడ కుదరదు" లాంటి కారణంతో మూస్తే 30 రోజుల్లో అప్పీలు ఉంది.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, బ్యాంకు హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా సరే. వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌గానూ పెట్టవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు, డబ్బు పోయిన నాటి నుంచి లెక్కపెట్టుకుంటే భద్రం. అంబుడ్స్‌మన్ దగ్గర గడిచిన కాలం దానంతట అది కలిసిరాదు. సిమ్ మార్పిడి కేసుల్లో టెలికాం ఆపరేటర్‌ను కూడా ప్రతివాదిగా చేర్చాలంటే రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు ఐటీ చట్టం 46వ సెక్షన్ కింద వేసే దారి ఉంది, 5 కోట్ల లోపు క్లెయిములకు. బ్యాంకు, ఆపరేటర్ ఒకరి మీద ఒకరు నెట్టుకునే చోట అది పనికొస్తుంది.

---

నిర్వాహకులు | 28 జులై 2025, మధ్యాహ్నం 1:00

ఈ చర్చలో పాల్గొన్న ఇద్దరు సభ్యులకు "పోయిన డబ్బు పది శాతం కమిషన్‌కి తెప్పిస్తాం" అని ప్రైవేటు సందేశాలు వచ్చాయి. ఆ ఖాతాలు తీసేశాం. అంబుడ్స్‌మన్‌కు, 1930కి, లోక్ అదాలత్‌కు ఎవరూ రుసుము అడగరు. రిజర్వ్ బ్యాంకు పేరుతో ఫోను చేసి "రీఫండ్ మంజూరైంది, టాక్స్ కట్టండి" అంటే అది రెండో మోసం. ఖాతా నంబరు, ఫిర్యాదు నంబరు కనిపించే కాగితాలు ఇక్కడ పెట్టకండి.

---

తీగమల్లె | 28 జులై 2025, సాయంత్రం 6:30

ఖాతా మా నాన్నగారి పేరున ఉంది. ఫిర్యాదు నేను వేయొచ్చా, ఆయనే వేయాలా?

---

లెడ్జర్_పేజీ | 28 జులై 2025, సాయంత్రం 7:05

మీరు వేయొచ్చు. వకీలు కాని ఎవరినైనా ఆయన ప్రతినిధిగా నియమించుకోవచ్చు. ఫారంలోనే ఆ భాగం ఉంది, ఆయన సంతకం చేసిన అధికార పత్రం స్కాన్ చేసి జత చేయాలి. సంతకం బ్యాంకు రికార్డులో ఉన్నట్టే ఉండాలి. వణుకు వల్ల మారితే ముందు బ్రాంచిలో కొత్త నమూనా సంతకం ఇప్పించండి.

ఫైళ్లు విడివిడిగా పెట్టి, పేర్లలో తేదీ రాయండి. 14 జూన్ ఫిర్యాదు నంబరు, 16 జూన్ ముద్ర నకలు, 24 జులై తిరస్కరణ, ఆపరేటర్ ఈమెయిల్, మూడు నెలల స్టేట్‌మెంటు. స్టేట్‌మెంటులో నాలుగు డెబిట్ల పక్కన సమయాలు ఉండవు, ఉత్త తేదీయే ఉంటుంది. నాలుగో దానికి 7:52 అని చూపించే ఈమెయిల్ అలర్ట్‌ను పూర్తి హెడర్‌తో విడిగా పీడీఎఫ్ చేసి మొదటి జతపత్రంగా పెట్టండి.